పసుపు పట్టీ కథ: వర్డ్ ఇచ్చిన హెచ్చరికను 27 ఏళ్లు ఎందుకు నొక్కేశాం?

ఈ రోజు ఎపిసోడ్‌లో యుద్ధాలు లేవు, రాజులు లేరు. ఒక చిన్న పసుపు రంగు పట్టీ ఉంది. కానీ ఆ పట్టీ కథలో దొంగలున్నారు, అరెస్టులున్నాయి, డిసెంబర్ చలిలో కరెంటు పోయిన లక్షల మంది ఉన్నారు. చివర్లో మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా ఉంది. అందుకే చివరిదాకా ఉండండి.

ముందు ఒక సీన్ ఊహించుకోండి. మీరు డిగ్రీ ఫైనల్ ఇయర్. ఒక మెయిల్ వచ్చింది, ఉద్యోగం ఆఫర్ వివరాలు అటాచ్ చేశాం చూడండి అని. ల్యాప్‌టాప్‌లో ఫైల్ ఓపెన్ చేశారు. వర్డ్ తెరుచుకుంది. పైన ఒక పసుపు పట్టీ వచ్చింది: భద్రతా హెచ్చరిక, మాక్రోలు ఆపేశాం. పక్కనే ఒక బటన్, ఎనేబుల్ కంటెంట్. ఇప్పుడు మీరేం చేస్తారు?

నిజం చెప్పుకుందాం. మనలో చాలామంది నొక్కేస్తాం. ఫైల్ చూడాలి కదా మరి. ఆ పట్టీ దారికి అడ్డంగా నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది. పక్కకి జరిపేసి లోపలికి వెళ్లిపోతాం.

ఇది మన తెలివితక్కువతనమా? ఆ పట్టీని తయారుచేసినవాళ్ల తప్పా? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే 30 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మాక్రో అంటే అసలు ఏంటి?

ఒక కాలేజీ ఆఫీసు అనుకోండి. అక్కడ క్లర్క్ గారు రోజుకి 100 బోనఫైడ్ సర్టిఫికెట్లు టైప్ చేస్తారు. ప్రతిదానికీ అదే ఫాంట్, అదే హెడింగ్, కింద అదే తేదీ, అదే సంతకం గీత. అవే 15 క్లిక్‌లు, 100 సార్లు. ఆ 15 క్లిక్‌లనీ ఒకసారి రికార్డ్ చేసి, తర్వాత ఒక్క కీ నొక్కితే అన్నీ వాటంతట అవే జరిగిపోయేలా పెట్టుకుంటే? అదే మాక్రో. వంటింట్లో మసాలాలన్నీ ముందే కలిపి డబ్బాలో పెట్టుకున్నట్టు అన్నమాట.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో దీనికోసం మొదట వర్డ్ బేసిక్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉండేది. 1993లో వచ్చిన వర్డ్ 6 నాటికే అది చాలా శక్తిమంతం. ఫైళ్లు తెరవగలదు, కాపీ చేయగలదు, చెరిపేయగలదు. ఆ తర్వాత వర్డ్ 97తో దాని స్థానంలో ఇంకా బలమైన విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్ వచ్చింది. దాన్నే అందరూ పొట్టిగా వీబీఏ అంటారు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కొన్ని మాక్రోలకు ప్రత్యేకమైన పేర్లు పెట్టారు. ఉదాహరణకి ఆటోఓపెన్. ఒక మాక్రోకి ఆ పేరు పెడితే చాలు, డాక్యుమెంట్ తెరవగానే అది నడుస్తుంది. ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు.

ఆ రోజుల్లో కంప్యూటర్ వాడేవాళ్లందరికీ ఒక నమ్మకం ఉండేది. వైరస్ అంటే ఫ్లాపీలోంచి వస్తుంది, లేదా ప్రోగ్రామ్ ఫైల్‌లోంచి వస్తుంది. డాక్యుమెంట్ అంటే ఏముంది, ఉత్తరం లాంటిది. ఉత్తరం చదివితే జ్వరం వస్తుందా? రాదు. కానీ ఆటోఓపెన్ వచ్చాక ఉత్తరంలోపల మనిషి కూర్చున్నట్టు అయింది. కవరు చింపగానే బయటికి దూకుతాడు. ఈ మార్పును జనం గుర్తించడానికి కొంతకాలం పట్టింది.

1995: కాన్సెప్ట్ అనే శాంపిల్

1995 వేసవిలో ఒక వర్డ్ వైరస్ బయటపడింది. దాని పేరు కాన్సెప్ట్. సోకిన డాక్యుమెంట్‌ని మొదటిసారి తెరిస్తే ఒక చిన్న పెట్టె వచ్చేది. దాంట్లో 1 అనే అంకె, కింద ఓకే బటన్. అంతే. ఫైళ్లు పోలేదు, డబ్బులు పోలేదు. దాని కోడ్‌లో నష్టం చేసే భాగం ఉండాల్సిన చోట, నా పాయింట్ నిరూపించడానికి ఇది చాలు అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం మాత్రం రాసి ఉంది.

వ్యాపించే పద్ధతి మాత్రం చాలా తెలివైనది. వర్డ్‌లో నార్మల్ డాట్ డాట్ అనే ఒక మూల ఫైల్ ఉంటుంది. మీరు కొత్త డాక్యుమెంట్ మొదలుపెట్టినప్పుడల్లా వర్డ్ చూసేది దాన్నే. కాన్సెప్ట్ అందులోకి ఎక్కి కూర్చునేది. ఆ తర్వాత మీరు ఏ ఫైల్‌ని సేవ్ యాజ్ చేసినా అందులోకి తన కాపీని దూర్చేది. ఊరి మంచినీళ్ల ట్యాంకులో కలిస్తే ప్రతి ఇంటి కుళాయిలోకీ వచ్చేసినట్టు. పైగా ఇది విండోస్‌లోనూ నడిచేది, మ్యాక్‌లోనూ నడిచేది. ఎందుకంటే అది నడిచేది కంప్యూటర్ మీద కాదు, వర్డ్ మీద.

ఇంకో చిత్రం. మైక్రోసాఫ్ట్ స్వయంగా పంపిన ఒక సీడీలో కూడా ఈ వైరస్ ఉన్న ఫైల్ పొరపాటున వెళ్లిపోయింది. అయినా ఆ కంపెనీ మొదట దీన్ని వైరస్ అనడానికి ఇష్టపడలేదు. ప్రాంక్ మాక్రో అంది. అంటే ఆకతాయి పని అన్నట్టు. తర్వాత ఒక శుభ్రం చేసే టూల్ విడుదల చేసింది. మరుసటి ఏడాది 1996లో ఎక్సెల్‌కి కూడా లారూ అనే మాక్రో వైరస్ వచ్చింది. ఇక ఇది ఆకతాయి పని అని అనడానికి వీల్లేకుండా పోయింది.

మూడు బటన్ల పెట్టె

అప్పుడు పుట్టింది హెచ్చరిక. వర్డ్ 97లో మాక్రో ఉన్న ఫైల్ తెరిస్తే ఒక పెట్టె వచ్చేది. ఈ డాక్యుమెంట్‌లో మాక్రోలు ఉన్నాయి, వాటిలో వైరస్‌లు ఉండొచ్చు అని చెప్పేది. మూడు దారులు ఇచ్చేది: మాక్రోలు ఆపి తెరువు, మాక్రోలతో తెరువు, అసలు తెరవకు.

బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ పెట్టె మనకు చెప్పిన విషయం ఏంటి? మాక్రో ఉంది అని. మనకు కావాల్సిన విషయం ఏంటి? ఆ మాక్రో మంచిదా చెడ్డదా అని. దాని గురించి ఆ పెట్టెకు ఏమీ తెలీదు. తెలీని విషయాన్ని మనల్నే తేల్చమంది. క్లర్క్ గారికి కోడ్ చదవడం వస్తుందా? రాదు. మరి ఆయన దేన్ని చూసి నిర్ణయించాలి?

పైగా నిజమైన మాక్రో లేకపోయినా, టూల్‌బార్‌లో ఏదో చిన్న మార్పు చేసి ఉన్నా సరే, అదే పెట్టె వచ్చేది. నాన్నా పులి కథ గుర్తుందా? రోజూ పులి పులి అని అరిస్తే ఊరివాళ్లు రావడం మానేశారు. కథలో ఆ పిల్లాడు కావాలని అరిచాడు. ఇక్కడ వర్డ్ పాపం నిజాయితీగానే అరిచింది. కానీ 100 సార్లలో 99 సార్లు పులి రాలేదు. దాంతో జనం చెవులు మూసుకున్నారు. ఆ పెట్టెలోనే ఒక టిక్కు కూడా ఉండేది, ఈ హెచ్చరిక ఇక చూపించొద్దు అనుకుంటే తీసేయొచ్చు. చాలామందికి అదే హాయి.

1999: స్నేహితుడి పేరుతో వచ్చిన ఉత్తరం

1999 మార్చి 26, శుక్రవారం. అమెరికాలో న్యూజెర్సీకి చెందిన డేవిడ్ స్మిత్ అనే వ్యక్తి ఒక ఇంటర్నెట్ న్యూస్‌గ్రూప్‌లో ఒక వర్డ్ ఫైల్ పెట్టాడు. పెద్దల సైట్లకు పాస్‌వర్డ్‌లు ఇందులో ఉన్నాయి అని ఆశ చూపించాడు. జనం ఎగబడి తెరిచారు. అదే మెలిస్సా.

మెలిస్సా ఏం చేసేదంటే, మీ కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ఉంటే దాని అడ్రస్ బుక్ తెరిచి, మొదటి 50 అడ్రస్‌లకు మీ పేరుతోనే మెయిల్ పంపేది. సబ్జెక్ట్‌లో ముఖ్యమైన సందేశం అని, మీ పేరు. లోపల, మీరు అడిగిన డాక్యుమెంట్ ఇదిగో, ఇంకెవరికీ చూపించకండి అని ఒక చిన్న మాట. కింద ఫైల్.

ఇప్పుడు అందుకున్నవాళ్ల వైపు నుంచి చూడండి. మెయిల్ వచ్చింది తెలిసినవాళ్ల నుంచి. మీ మేనేజర్ పేరు, లేదా మీ క్లాస్‌మేట్ పేరు. హెచ్చరిక పెట్టె వచ్చింది. నమ్మకమైన చోటు నుంచి వచ్చిన ఫైల్ అయితేనే తెరవండి అన్నది అందరూ చెప్పిన సలహా. నమ్మకమైన మనిషే కదా పంపాడు! ఆ సలహాను పాటించినవాళ్లు కూడా పడ్డారు. పంపినవాళ్లను నమ్మడం వేరు, వాళ్ల మెషిన్‌ని నమ్మడం వేరు. ఈ తేడా ప్రపంచానికి అర్థమైంది ఆ వారాంతంలోనే.

50 నుంచి 50, దాన్నుంచి ఇంకో 50. మెయిల్ సర్వర్లు కుప్పకూలాయి. పెద్ద పెద్ద కంపెనీలు మెయిల్ ఆపేసుకున్నాయి, వాటిలో మైక్రోసాఫ్ట్ కూడా ఉంది. స్మిత్‌ని వారం తిరక్కుండానే ఏప్రిల్ 1న అరెస్ట్ చేశారు. నష్టం 8 కోట్ల డాలర్లకు పైనే అని లెక్కగట్టారు. 2002లో అతనికి 20 నెలల జైలు, 5000 డాలర్ల జరిమానా పడ్డాయి.

ఈ కథలో చాలామంది పట్టించుకోని ఒక వివరం ఉంది. నాకైతే అదే ముఖ్యం అనిపిస్తుంది. మెలిస్సా ఒకసారి నడవడం మొదలుపెట్టగానే వర్డ్‌లోని మాక్రో హెచ్చరికను ఆఫ్ చేసేది. ఇంట్లోకి దూరిన దొంగ ముందు కుక్క నోరు కట్టేసినట్టు. అంటే ఆ హెచ్చరిక కాపాడగలిగేది ఒక్కసారే. ఆ ఒక్కసారి తప్పు నొక్కితే తర్వాత అది ఉండదు.

తాళం గట్టిపడింది, తాళంచెవి బయటే వేలాడింది

ఆఫీస్ 2000లో మైక్రోసాఫ్ట్ మూడు స్థాయిలు పెట్టింది: హై, మీడియం, లో. హైలో పెడితే డిజిటల్ సంతకం ఉన్న, మీరు నమ్ముతున్నామని ఒప్పుకున్న వాళ్ల మాక్రోలు మాత్రమే నడుస్తాయి. మీడియంలో ప్రతిసారీ అడుగుతుంది. లోలో ఏమీ అడగదు, అన్నీ నడిపేస్తుంది. వర్డ్‌ని మొదటి నుంచే హైలో పెట్టి ఇచ్చారు.

ఆలోచన మంచిదే. కానీ చిన్న ఆఫీసులో ఏమైంది? వాళ్ల సొంత మాక్రోకి సంతకం ఉండదు. సర్టిఫికెట్ కొనాలంటే డబ్బు, తతంగం. హైలో ఉంటే వాళ్ల బిల్లుల ఫైల్ పనిచేయదు. అప్పుడు కంప్యూటర్లు తెలిసిన కుర్రాడెవరో వచ్చి, సార్ ఇది లోలో పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది అంటాడు. పని జరిగింది. ఆ రోజు నుంచి ఆ మెషిన్‌కి తలుపు లేదు.

ఇదే లెవెల్ పద్ధతి ఇప్పటికీ లిబ్రేఆఫీస్‌లో కనిపిస్తుంది. అందులో నాలుగు స్థాయిలున్నాయి: లో, మీడియం, హై, వెరీ హై. మామూలుగా హైలోనే ఉంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో లిబ్రేఆఫీస్ ఉంటే టూల్స్, ఆప్షన్స్, సెక్యూరిటీలోకి వెళ్లి ఒకసారి చూసుకోండి. ఎవరైనా లోకి మార్చి ఉంటే తిరిగి హైకి పెట్టండి.

పసుపు పట్టీ పుట్టింది

2007లో రెండు పెద్ద మార్పులొచ్చాయి. మొదటిది ఫైల్ పేరులో. అప్పటిదాకా అన్నీ డాట్ డాక్. మాక్రో ఉందో లేదో బయటికి తెలీదు. ఆఫీస్ 2007లో డాక్‌ఎక్స్, డాక్‌ఎమ్ అని రెండుగా విడగొట్టారు. డాక్‌ఎక్స్‌లో మాక్రో దాచడానికి వీల్లేదు. మాక్రో ఉంటే చివర ఎమ్ ఉండాలి. శాకాహారం ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క, మాంసాహారం మీద వేరే చుక్క పెట్టినట్టు. చాలా మంచి మార్పు. కానీ పాత డాట్ డాక్ ఫైళ్లు కూడా తెరుచుకోవాలి కదా, దాన్ని మూసేయలేదు. దొంగలు ఆ పాత గుమ్మంలోంచే రావడం కొనసాగించారు.

రెండో మార్పు, పెట్టె పోయి పట్టీ వచ్చింది. ఇప్పుడు వర్డ్ ముందుగానే మాక్రోలు ఆపేస్తుంది, డాక్యుమెంట్ చూపిస్తుంది, పైన ఒక పట్టీలో ఆ విషయం చెబుతుంది. మీరు ఏమీ నొక్కకపోతే ఏమీ జరగదు. పాత పెట్టెతో పోలిస్తే ఇది పెద్ద మెరుగు. అప్పుడు ఏదో ఒకటి నొక్కితే గానీ ముందుకు వెళ్లలేం. ఇప్పుడు ఊరుకుంటే చాలు, క్షేమం.

2007లో ఆ పట్టీ మీద ఆప్షన్స్ అనే బటన్ ఉండేది. అది నొక్కితే ఇంకో విండో, అందులో ఇంకో ఎంపిక. 2010లో ఆ మధ్య మెట్టు తీసేశారు. ఎనేబుల్ కంటెంట్ అని నేరుగా ఒక్క బటన్. ఒకసారి నొక్కితే ఆ ఫైల్‌ని నమ్మినట్టు గుర్తుపెట్టుకుని మళ్లీ అడగదు. అదే 2010లో ప్రొటెక్టెడ్ వ్యూ కూడా వచ్చింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైల్‌ని ముందు అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తుంది, మార్పులు చేయాలంటే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కాలి.

అంటే రెండు పట్టీలు, రెండు బటన్లు. ఒకటి గట్టి చేస్తూ ఇంకోటి సులువు చేశారు.

హెచ్చరికే ఆయుధం అయ్యింది

2000ల మధ్యలో మాక్రో వైరస్‌లు తగ్గిపోయాయి. అందరూ పాత కథ అనుకున్నారు. కానీ 2014 ప్రాంతంలో మళ్లీ లేచాయి. ఈసారి కుర్రాళ్ల సరదా కాదు, డబ్బు. డ్రైడెక్స్ బ్యాంక్ ఖాతాల కోసం. 2016లో లాకీ, ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడగడం కోసం. ఎమోటెట్ అయితే ఏకంగా ఒక అద్దె వ్యాపారం, మీ కంప్యూటర్‌లోకి తాను దూరి, ఆ దారిని వేరే దొంగలకు అమ్ముకుంటుంది.

వీళ్లు కొత్తగా ఏ తాళమూ పగలగొట్టలేదు. మనల్నే తీయమని అడిగారు. డాక్యుమెంట్ తెరిస్తే మైక్రోసాఫ్ట్ లోగోలా ఒక బొమ్మ, కింద రాత: ఈ డాక్యుమెంట్ పాత వెర్షన్‌లో తయారైంది, చదవాలంటే ముందు ఎనేబుల్ ఎడిటింగ్, తర్వాత ఎనేబుల్ కంటెంట్ నొక్కండి. బటన్ ఎక్కడుందో బాణం గుర్తు వేసి మరీ చూపించేవాళ్లు.

చూశారా? పట్టీ జాగ్రత్త అంటోంది. డాక్యుమెంట్ నొక్కు అంటోంది. పట్టీ భాష సాంకేతికం, పొడిపొడిగా ఉంటుంది. దొంగ భాష మాత్రం స్నేహంగా, అర్థమయ్యేలా, స్టెప్ బై స్టెప్ ఉంటుంది. ఎవరి మాట వింటాం? అర్థమైన మాటే వింటాం.

కరెంటు పోయిన రోజు

ఇదంతా ఎవరో ఆఫీసు కంప్యూటర్ల గొడవ, మనకెందుకు అనుకోవచ్చు. 2015 డిసెంబర్ 23 సంగతి వినండి. ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల మీద ఒకేసారి దాడి జరిగింది. కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆపరేటర్ కళ్ల ముందే, స్క్రీన్ మీద మౌస్ బాణం దానంతట అదే కదిలి, సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తీసేస్తోంది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. సైబర్ దాడితో ప్రజలకు కరెంటు పోయిందని బహిరంగంగా తేలిన మొదటి సంఘటన ఇదే.

ఆ దాడి మొదలైంది ఆ రోజు కాదు. నెలల ముందే. ఆ కంపెనీల ఉద్యోగులకు మెయిల్‌లో ఆఫీస్ ఫైళ్లు వచ్చాయి. తెరిస్తే మాక్రోలు ఎనేబుల్ చేయమని అడిగాయి. ఎవరో నొక్కారు. దాంతో బ్లాక్‌ఎనర్జీ అనే మాల్‌వేర్ లోపలికి వెళ్లింది. దొంగలు నెలల తరబడి లోపలే ఉండి, పాస్‌వర్డ్‌లు సేకరించి, దారులు నేర్చుకుని, చివరికి ఆ సాయంత్రం స్విచ్ తీశారు.

నొక్కిన ఆ ఉద్యోగి చెడ్డవాడా? కాదు. మెయిల్స్ చూడటం ఆయన పని. ఫైళ్లు తెరవడం ఆయన పని. ఒక ఊరి కరెంటు భద్రతను ఒక్క మనిషి ఒక్క క్లిక్ మీద వేలాడదీయడం, అదీ అసలు తప్పు.

2022: ఎర్ర పట్టీ

2021 జనవరిలో ఎనిమిది దేశాల పోలీసులు కలిసి ఎమోటెట్ సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. కానీ ఆ ఏడాది నవంబర్‌లోనే అది తిరిగొచ్చింది. దొంగల్ని పట్టుకోవడం ఒక్కటే సరిపోదని తేలిపోయింది.

2022 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఆఫీస్ ఫైళ్లలో మాక్రోలను ఇకమీదట మామూలుగానే బ్లాక్ చేస్తాం. పసుపు పట్టీ కాదు, ఎర్ర పట్టీ. దాని మీద ఎనేబుల్ బటన్ ఉండదు. మరింత తెలుసుకోండి అనే బటన్ ఒక్కటే ఉంటుంది.

ఫైల్ ఇంటర్నెట్ నుంచి వచ్చిందని వర్డ్‌కి ఎలా తెలుస్తుంది? మీరు ఏదైనా డౌన్‌లోడ్ చేసినప్పుడు విండోస్ ఆ ఫైల్‌కి కంటికి కనిపించని ఒక ముద్ర వేస్తుంది. దాన్ని మార్క్ ఆఫ్ ద వెబ్ అంటారు. పాస్‌పోర్ట్ మీద స్టాంపు లాంటిది. ఆ స్టాంపు ఉంటే వర్డ్ జాగ్రత్త పడుతుంది.

ఈ మార్పు సాఫీగా జరగలేదు. ఏప్రిల్‌లో మొదలుపెట్టారు. ఆఫీసుల నుంచి ఫిర్యాదులు రావడంతో జూలై మొదట్లో వెనక్కి తీసుకున్నారు. భద్రతా నిపుణులు గోల పెట్టారు. అదే జూలై చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. 1995 నుంచి 2022 దాకా, 27 ఏళ్లు. అన్నేళ్ల తర్వాత గానీ, తెలీని మనిషిని అడగడం కంటే మేమే ఆపేయడం నయం అని ఒప్పుకోలేదు.

ఎందుకు ఇంత ఆలస్యం? నాకు అనిపించేది ఒకటి. మాక్రోల మీద ఆధారపడి బతికే ఆఫీసులు లక్షలున్నాయి. వాళ్ల పని ఆగితే కంపెనీకి ఫోన్ వస్తుంది. ఎవరో ఒకరికి వైరస్ వస్తే? మేం హెచ్చరించాం కదా, మీరే నొక్కారు అనొచ్చు. హెచ్చరిక వాడే మనిషిని ఎంత కాపాడిందో గానీ, బాధ్యతను మాత్రం అటు నుంచి ఇటు జరిపింది. ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఎర్ర పట్టీ వచ్చాక దొంగలు ఊరుకున్నారా? లేదు. ఐఎస్‌ఓ ఫైళ్లు, షార్ట్‌కట్ ఫైళ్లు, 2023 మొదట్లో వన్‌నోట్ ఫైళ్లు పట్టుకున్నారు. కానీ ప్రతిసారీ కొత్త దారి వెతుక్కోవాల్సి వచ్చింది. పాత రాజమార్గం మాత్రం మూతపడింది.

మీ ల్యాప్‌టాప్‌లో చేయాల్సినవి

చరిత్ర విన్నాం కాబట్టి నాలుగు మాటలు చేతిలో పెట్టుకుని వెళ్దాం.

ఒకటి. వర్డ్‌లో ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, మాక్రో సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అన్ని మాక్రోలూ ఆపి నోటిఫికేషన్ చూపించు అనే ఎంపిక ఉందో లేదో చూడండి. అన్నీ నడిపించు అని ఎవరైనా పెట్టి ఉంటే వెంటనే మార్చండి.

రెండు. ఈ ఫైల్‌కి మాక్రో ఎందుకు అని అడగండి. ఆఫర్ లెటర్‌కి, బిల్లుకి, నోటిఫికేషన్‌కి, రెజ్యూమేకి మాక్రోతో పనే లేదు. చదివే కాగితం పరిగెత్తుతానంటే అనుమానించాల్సిందే.

మూడు. నిజంగా అవసరమైన ఫైల్ అయితే, పంపినవాళ్లకు ఫోన్ చేసి అడగండి. ఆ మెయిల్‌కే రిప్లై ఇచ్చి కాదు, ఫోన్ చేసి. మెలిస్సా గుర్తుంది కదా. వాళ్లు అవునంటే అప్పుడు ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్కు పెట్టొచ్చు.

నాలుగు. రోజూ వాడే మాక్రో ఫైళ్లకు ఒక ప్రత్యేక ఫోల్డర్ పెట్టి, ఆ ఒక్కదాన్నే ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం ఎప్పుడూ చేర్చొద్దు. అది బస్టాండ్ లాంటిది, ఎవరైనా వస్తారు.

ఇక మీ ఫోన్ సంగతి

మేం ఫోన్‌లోనే చూస్తాం కదా, మాకెందుకు ఇదంతా అంటారా? ఒక రకంగా నిజమే. ఫోన్‌లో వర్డ్ యాప్ వీబీఏ మాక్రోలను అసలు నడపదు. అనుమానం ఉన్న డాక్యుమెంట్‌లో రాత ఏముందో చూడాలంటే ఫోన్‌లో చూడటమే మేలు.

కానీ పసుపు పట్టీ చచ్చిపోలేదు. ఫోన్‌లోకి వచ్చి వేషం మార్చుకుంది. వాట్సాప్‌లో మీకు పెళ్లి పత్రిక పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో, బ్యాంక్ కేవైసీ పేరుతో ఫైల్ వస్తుంది. చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ఫోన్ అడుగుతుంది: తెలీని చోటు నుంచి యాప్ ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతిస్తారా? చుట్టాల నంబర్ నుంచే వచ్చింది, పెళ్లి పత్రికే కదా అని అనుమతిస్తాం. తర్వాత అది మీ ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది, ఓటీపీలు తీసుకుంటుంది, మీ నంబర్ నుంచే మీ చుట్టాలందరికీ అదే పత్రిక పంపుతుంది.

ఎక్కడో విన్నట్టుంది కదా? మెలిస్సానే. తెలిసిన మనిషి పేరు, ఆశ పెట్టే ఫైల్, ఒక్క అనుమతి, తర్వాత అడ్రస్ బుక్ మొత్తం.

ఆండ్రాయిడ్ కూడా అదే బాటలో నడిచింది. మొదట్లో అన్‌నోన్ సోర్సెస్ అనే ఒకే స్విచ్ ఫోన్ మొత్తానికీ ఉండేది. 2017లో ఆండ్రాయిడ్ 8తో యాప్‌కి యాప్‌కి విడిగా అడగడం మొదలైంది. 2022లో ఆండ్రాయిడ్ 13తో, అలా బయట నుంచి వేసుకున్న యాప్‌లకు యాక్సెసిబిలిటీ లాంటి పెద్ద అనుమతులు సులువుగా దొరక్కుండా అడ్డం పెట్టారు. అడగడం నుంచి ఆపడం వైపు ప్రయాణం. కానీ ఆ ప్రయాణం ఇంకా పూర్తవలేదు. పూర్తయ్యేదాకా మధ్యలో నిలబడి ఉన్నది మీ బొటనవేలే.

మీ అమ్మగారికి, నాన్నగారికి, తాతయ్యకి ఈ ఒక్క మాట చెప్పండి: పెళ్లి పత్రిక ఫొటోలా రావాలి, పీడీఎఫ్‌లా రావాలి, యాప్‌లా రాదు. ఒకవేళ పొరపాటున డబ్బులు పోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

వాళ్లను తిట్టొద్దు కూడా. 27 ఏళ్లు చదువుకున్నవాళ్లు, ఇంజినీర్లు, కరెంటు ఆఫీసుల ఉద్యోగులు అదే బటన్ నొక్కారు. తెలీని ప్రశ్న అడిగితే మనిషి చేసే పని అదే. మనం చేయగలిగింది ఒకటుంది. ఫోన్ ఏదైనా అనుమతి అడిగినప్పుడు, నొక్కాలా వద్దా అని కాకుండా, ఈ పనికి ఇది ఎందుకు కావాలి అని అడగడం. జవాబు దొరక్కపోతే నొక్కకుండా ఊరుకోవడం.

ఈ ఎపిసోడ్ ఇంతే. ఈ రోజు రాత్రి ఇంట్లోవాళ్ల ఫోన్ ఒకటి తీసుకుని, ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్ సెట్టింగ్‌లో వాట్సాప్‌కి అనుమతి ఉందేమో చూడండి. ఉంటే ఆఫ్ చేయండి. రెండు నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.